చార్ చురుకుదనం దేని మీద ఆధారపడుతుంది? బయోమాస్, బొగ్గు చార్‌లను పరీక్షించి కారణం తేల్చే సమగ్ర మార్గదర్శి

ఒకే బొగ్గును రెండు భాగాలు చేయండి. ఒక భాగాన్ని గాలి తగలకుండా 850 డిగ్రీలకు వేగంగా వేడిచేసి వెంటనే చల్లార్చండి. రెండోదాన్ని అలాగే మెల్లగా 1200 డిగ్రీలకు తీసుకెళ్లి గంటసేపు అక్కడే ఉంచండి. వాయువులు పోగా మిగిలే, ఎక్కువగా కార్బన్ ఉండే ఘనపదార్థమే చార్. (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.) ఇప్పుడు రెండు చార్‌లనూ ఒకే పరికరంలో, 800 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచితే, రెండూ ఒకే గనిలోంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు. మొదటిది చకచకా తరిగిపోతుంది. రెండోదాని బరువు కదలడానికే మొరాయిస్తుంది.

కాబట్టి "ఈ ఇంధనపు చార్ ఎంత చురుకైనది?" అన్న ప్రశ్న సగం ప్రశ్నే. ఎలా తయారుచేశారు, లోపల ఏ లోహాలు మిగిలాయి, ఏ వాయువుతో, ఏ పరిస్థితుల్లో పరీక్షించారు అన్నవి తెలిస్తేనే అది పూర్తి ప్రశ్న అవుతుంది. ఈ మార్గదర్శి వీటిని అడుగడుగునా చూస్తూ సాగుతుంది. ల్యాబ్‌లో టీజీఏ, అంటే వేడిచేస్తూ బరువు తూచే థర్మోగ్రావిమెట్రిక్ పరికరం, అందుబాటులో ఉన్న విద్యార్థులకూ, గ్యాసిఫయర్, అంటే ఘన ఇంధనాన్ని మండే వాయువుగా మార్చే రియాక్టర్, డిజైన్ కోసం ఇలాంటి డేటా చదవాల్సి వచ్చే ఇంజనీర్లకూ ఇది పనికొస్తుంది.

అసలు చార్ మీదే ఇంత శ్రద్ధ ఎందుకంటే, ఇంధనం వేడెక్కగానే అందులోని వొలటైల్స్, అంటే వేడికి ఆవిరిగా, వాయువుగా మారే భాగం, క్షణాల్లో బయటికి పోతాయి. మిగిలిన చార్ మాత్రం వాయువుతో చర్య జరిపి పూర్తిగా ఖర్చవడానికి నిమిషాలు, ఒక్కోసారి గంట పైగా తీసుకుంటుంది. రియాక్టర్ ఎంత పెద్దదిగా ఉండాలి, బూడిదతో పాటు కార్బన్ ఎంత వృథాగా పోతుంది అన్నవి తేల్చేది ఈ నెమ్మది దశే.

మొదటి అడుగు: ఏ చర్య గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

చార్ నాలుగు వాయువులతో చర్య జరుపుతుంది: ఆక్సిజన్, నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్. వీటి వేగాల మధ్య కొండంత తేడా ఉంది. 1959లో వాకర్, రుసింకో, ఆస్టిన్ ఇచ్చిన అంచనా ఇప్పటికీ చెలామణిలో ఉంది. 800 డిగ్రీలు, 0.1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గర కార్బన్ డయాక్సైడ్ చర్య వేగాన్ని 1 అనుకుంటే నీటి ఆవిరిది సుమారు 3, ఆక్సిజన్‌ది సుమారు లక్ష, హైడ్రోజన్‌ది 0.003.

శక్తి లెక్క కూడా గుర్తుంచుకోవాలి. కార్బన్, కార్బన్ డయాక్సైడ్ కలిసి రెండు మోనాక్సైడ్ అణువులు ఇచ్చే బూడ్వార్ చర్య మోల్‌కు దాదాపు 172 కిలోజౌళ్ల వేడిని పీల్చుకుంటుంది. ఆవిరి చర్య సుమారు 131 పీల్చుకుంటుంది. ఆక్సిజన్‌తో పూర్తిగా మండితే 394 కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఆక్సిజన్‌తో చేసే పరీక్షలో నమూనా చుట్టూ ఉన్న ఫర్నేస్ కన్నా ఎక్కువ వేడెక్కిపోవడానికీ, ఒక్కోసారి భగ్గున అంటుకోవడానికీ కారణం ఇదే. అక్కడ ఆక్సిజన్‌ను బాగా పలుచన చేసి, 400 డిగ్రీల చుట్టుపక్కల పనిచేయాలి.

ఒక వాయువుతో వచ్చిన ర్యాంకింగ్‌ను ఇంకో వాయువుకు గుడ్డిగా అంటగట్టకండి. గాలిలో చురుగ్గా ఉన్న చార్ చాలాసార్లు ఆవిరిలోనూ చురుగ్గానే ఉంటుంది, కానీ ఎన్ని రెట్లు అన్నది మారిపోతుంది. పైగా చర్యలో పుట్టిన వాయువులే చర్యకు అడ్డం పడతాయి. బూడ్వార్ చర్యను కార్బన్ మోనాక్సైడ్, ఆవిరి చర్యను హైడ్రోజన్ గట్టిగా మందగింపజేస్తాయి. స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్‌లో కొలిచిన వేగాన్ని మోనాక్సైడ్ నిండిన నిజమైన గ్యాసిఫయర్‌కు నేరుగా వాడితే డిజైన్ అత్యాశగా తేలడం ఖాయం.

ఎలా అడ్డం పడతాయో తెలియాలంటే చర్య లోపల జరిగేది చూడాలి. కార్బన్ డయాక్సైడ్ అణువు చార్ అంచున ఖాళీగా ఉన్న కార్బన్ పరమాణువు దగ్గరికొచ్చి ఒక ఆక్సిజన్‌ను అక్కడ వదిలి మోనాక్సైడ్‌గా వెళ్లిపోతుంది. ఆ ఆక్సిజన్ పట్టుకున్న కార్బన్ కాసేపటికి తనే మోనాక్సైడ్‌గా ఊడిపోతుంది, కింద కొత్త అంచు బయటపడుతుంది. మొదటి మెట్టు రెండు వైపులా నడుస్తుంది. చుట్టూ మోనాక్సైడ్ ఎక్కువుంటే అది వచ్చి ఆ ఆక్సిజన్‌ను తిరిగి లాక్కుపోతుంది. అంతసేపూ కార్బన్ ఎక్కడిదక్కడే ఉంటుంది.

రెండో అడుగు: ఇంధనాన్ని చదవండి, ముఖ్యంగా బూడిదను

ప్రాక్సిమేట్ (తేమ, వొలటైల్స్, బూడిద, స్థిర కార్బన్ శాతాలు), అల్టిమేట్ (కార్బన్, హైడ్రోజన్ లాంటి మూలకాల శాతాలు) విశ్లేషణలు అందరూ చేయిస్తారు. బూడిదలో ఏముందో మాత్రం చాలామంది చూడరు. బయోమాస్ విషయంలో ఇది పెద్ద లోటు. నా లెక్కలో, బయోమాస్ చార్‌కు బూడిద కూర్పు తెలియకుండా రియాక్టివిటీ (చురుకుదనం) పరీక్ష మొదలుపెట్టడమే దండగ.

బొగ్గు సంగతి ముందు చూద్దాం. ఇక్కడ పెద్ద పాత్ర ర్యాంక్‌ది, అంటే బొగ్గు ఎంత ముదిరిందన్నదానిది. లిగ్నైట్ లేత బొగ్గు. అందులో ఆక్సిజన్ ఎక్కువ, కార్బన్ పొరలు చిన్నవి, చిందరవందరగా ఉంటాయి. అందుకే దాని చార్ చురుకైనది. సబ్ బిట్యుమినస్, బిట్యుమినస్ మీదుగా ఆంత్రసైట్ దాకా వెళ్లేకొద్దీ పొరలు పెరిగి, పేర్చినట్టు సర్దుకుంటాయి, చురుకు తగ్గుతుంది. లిగ్నైట్‌కు ఇంకో బలం కూడా ఉంది. అందులోని కాల్షియం, సోడియం చాలావరకు ఆక్సిజన్ ఉండే కార్బాక్సిల్ సమూహాలకు అతుక్కుని, పరమాణువుల స్థాయిలో పరుచుకుని ఉంటాయి. వేడిచేశాక అవే మంచి ఉత్ప్రేరకాలు. బిట్యుమినస్ బొగ్గులో ఖనిజాలు ఎక్కువగా కయొలినైట్ (ఒక మట్టి ఖనిజం), క్వార్ట్జ్, పైరైట్ లాంటి విడి రేణువులుగా ఉంటాయి. బూడిద శాతం ఎక్కువగా కనబడినా కార్బన్‌తో వాటికి పెద్దగా స్పర్శ లేదు, ఉత్ప్రేరణ కూడా అంతంతమాత్రమే.

బయోమాస్‌లో కథ వేరు. కార్బన్ నిర్మాణం కలపకూ గడ్డికీ మరీ తేడాగా ఉండదు. తేడా తెచ్చేది పొటాషియం. కలపలో బూడిద తరచుగా 1 శాతం లోపే ఉంటుంది, అందులో కాల్షియం, పొటాషియంలదే పెద్ద వాటా. గోధుమ గడ్డిలో పొటాషియం దండిగా ఉన్నా పక్కనే సిలికా కూడా ఉంటుంది. వరి ఊకలో బూడిద 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది, అందులో 90 శాతం దాకా సిలికానే. పొటాషియంను సిలికా పట్టుకుని పొటాషియం సిలికేట్‌గా మార్చేస్తుంది. అలా చిక్కుకున్న పొటాషియం ఉత్ప్రేరకంగా దాదాపు పనిచేయదు. ఫాస్ఫరస్ కూడా ఇదే పని చేస్తుంది.

దీన్ని ఒక్క అంకెలో చూడాలంటే మోల్స్‌లో లెక్కగట్టి పొటాషియంను సిలికాన్, ఫాస్ఫరస్‌ల మొత్తంతో భాగించండి. నిష్పత్తి 1 కన్నా బాగా ఎక్కువైతే ఆ చార్ చివరిదాకా చురుగ్గా ఉంటుందని, కార్బన్ తరిగేకొద్దీ ఇంకా వేగం పుంజుకుంటుందని ఆశించవచ్చు. 1 కన్నా బాగా తక్కువైతే మొదట్లో కాస్త ఉషారు చూపి తర్వాత చల్లబడుతుంది. బొగ్గుకు వాడే ఆల్కలీ ఇండెక్స్ ఇంకోటి ఉంది. ఇనుము, కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఆక్సైడ్‌ల మొత్తాన్ని సిలికా, అల్యూమినాల మొత్తంతో భాగించి, బూడిద శాతంతో గుణిస్తారు. ఇది మోటు లెక్క. ఏ లోహం ఏ రూపంలో ఉందో దీనికి తెలియదు. ఒకే రకం బొగ్గుల మధ్య పోలికకు పనికొస్తుంది గానీ బొగ్గునూ బయోమాస్‌నూ ఒకే గీత మీద పెట్టడానికి దీన్ని వాడకండి.

మూడో అడుగు: చార్‌ను ఎలా తయారుచేస్తారన్నది రాసి పెట్టుకుని మరీ చేయండి

ఉష్ణోగ్రత, వేడిచేసే వేగం, ఆ ఉష్ణోగ్రత దగ్గర ఉంచిన సమయం, పీడనం. ఈ నాలుగూ చార్ తలరాతను మారుస్తాయి, ఉష్ణోగ్రత అన్నిటికన్నా ఎక్కువగా. వేడి పెరిగేకొద్దీ మిగిలిన హైడ్రోజన్, ఆక్సిజన్ వెళ్లిపోతాయి. చిన్న చిన్న కార్బన్ పొరలు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి, అంచులు తగ్గుతాయి. చర్య జరిగేదే అంచుల దగ్గర. పొర మధ్యలోని కార్బన్ మూడు పక్క కార్బన్‌లతో బంధాలు కట్టుకుని స్థిరంగా కూర్చుంటుంది, దాన్ని కదిలించడం కష్టం. అలా చార్ మెల్లమెల్లగా మొద్దుబారిపోవడాన్నే థర్మల్ ఎనీలింగ్ అంటారు. ఉంచే సమయం పెరిగినా అదే దిశలో పనిచేస్తుంది, కాకపోతే మొదటి కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ మార్పు జరిగిపోతుంది.

వేడిచేసే వేగం ప్రభావం కలపలో బాగా కనిపిస్తుంది. టీజీఏలో నిమిషానికి 10, 20 డిగ్రీల చొప్పున వేడిచేస్తే వొలటైల్స్ తీరిగ్గా బయటికి వస్తాయి. దారిలో కొన్ని రంధ్రాల గోడల మీదే విరిగి కార్బన్‌గా పేరుకుంటాయి, కణాల ఆకారం అలాగే నిలుస్తుంది. పొడిని వేడి గొట్టంలోకి జారవిడిచే డ్రాప్ ట్యూబ్ ఫర్నేస్‌లో సెకనుకు వేల డిగ్రీల వేగంతో వేడెక్కినప్పుడు వాయువు ఒక్కసారిగా చీల్చుకుని బయటపడుతుంది. పెద్ద రంధ్రాలు తెరుచుకుంటాయి, కార్బన్ పొరలు సర్దుకునే వ్యవధి ఉండదు. వేగంగా చేసిన చార్ మామూలుగా ఎక్కువ చురుగ్గా ఉండేది అందుకే. మెత్తబడే గుణమున్న బిట్యుమినస్ బొగ్గు అయితే వేగంగా వేడిచేసినప్పుడు ఉబ్బి, లోపల బోలుగా ఉండే పలచటి గోళాలుగా మారుతుంది. పైరాలిసిస్, అంటే గాలి లేకుండా వేడిచేసి చార్ చేయడం, జరిగే పీడనం పెరిగితే వొలటైల్స్ రాక తగ్గుతుంది, ఉబ్బడం మారుతుంది. దీని ప్రభావం ఒక్కో బొగ్గులో ఒక్కోలా ఉంటుంది కాబట్టి సూత్రం చెప్పడం కష్టం.

ఇక్కడ పాటించాల్సినవి రెండు. మొదటిది, పరీక్ష ఉష్ణోగ్రత ఎప్పుడూ చార్ తయారైన ఉష్ణోగ్రత కన్నా తక్కువగానో, మహా అయితే సమానంగానో ఉండాలి. 700 డిగ్రీల దగ్గర చేసిన చార్‌ను 900 దగ్గర పరీక్షిస్తే, తగ్గే బరువులో కొంత ఇంకా మిగిలిన వొలటైల్స్‌దే. గ్యాసిఫికేషన్ అనుకుని మీరు దాన్నీ లెక్కలో కలిపేస్తారు. రెండోది, వీలైతే చార్‌ను చల్లార్చకుండా అదే ఫర్నేస్‌లో వాయువు మార్చి పరీక్షించండి. చల్లార్చి, గాలికి పెట్టి, మళ్లీ వేడిచేసిన చార్ తరచుగా కాస్త మందకొడిగా కనిపిస్తుంది. వేరే చోట తయారుచేయక తప్పకపోతే చల్లారేదాకా నైట్రోజన్ ఆపకండి, గాలి చొరబడని సీసాలో దాచండి. తాజా చార్ మామూలు ఉష్ణోగ్రతలోనే ఆక్సిజన్‌నూ తేమనూ పీల్చుకుంటుంది.

ఇంధనం కదలని గుట్టగా ఉండే ఫిక్స్‌డ్ బెడ్ రియాక్టర్‌లో, వాయువు ఊదుడుకు ఇసుకతో పాటు తేలే ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో చార్ ఒంటరిగా ఉండదు. కొత్తగా వచ్చే ఇంధనపు వొలటైల్స్ పాత చార్‌ను తాకుతూనే ఉంటాయి. వాటినుంచి పుట్టే హైడ్రోజన్ రాడికల్స్ చార్ లోపలికి చేరి కార్బన్ పొరలను మరింత గట్టిపరుస్తాయి, సోడియంను ఊడబెరుకుతాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా బ్రౌన్ కోల్ మీద జరిగిన పరిశోధన ఈ సంగతిని బాగా వెలుగులోకి తెచ్చింది. టీజీఏ ఈ ప్రభావాన్ని చూపించదు.

నాలుగో అడుగు: టీజీఏ పరీక్ష

పద్ధతి పైకి తేలికే. నమూనాను 100 మైక్రాన్ల లోపు పొడి చేసి, 5 మిల్లీగ్రాముల దాకా పలుచగా పరచండి. నైట్రోజన్‌లో కావలసిన ఉష్ణోగ్రతకు చేర్చి, బరువు నిలకడగా నిలిచాక వాయువును కార్బన్ డయాక్సైడ్‌కు మార్చండి. బరువు పూర్తిగా ఆగేదాకా రికార్డు చేయండి. చివర్లో గాలి పంపి మిగిలిన కార్బన్‌ను కాల్చి బూడిద బరువు తీసుకోండి. బయటికి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు. ఎగ్జాస్ట్ గొట్టం ఫ్యూమ్ హుడ్‌లోకి పోతోందో లేదో చూడకుండా మొదలుపెట్టవద్దు.

ఎత్తైన అంచులున్న క్రూసిబుల్ వాడకండి. అడుగున నిలిచిన వాయువు కదలక, కొలిచేది చర్య వేగం కాకుండా వాయువు కిందికి దిగే వేగం అవుతుంది. పల్చటి పళ్లెంలాంటిది మేలు. ఖాళీ క్రూసిబుల్‌తో అదే ప్రోగ్రామ్ ఒకసారి నడిపి, ఆ గీతను అసలు గీతలోంచి తీసేయండి. నైట్రోజన్ కన్నా కార్బన్ డయాక్సైడ్ బరువైనది కాబట్టి వాయువు మార్చగానే తేలే బలం మారి బరువు దానంతటదే కదులుతుంది. వాయువు మారడం కూడా ఒక్క క్షణంలో జరగదు. ఫర్నేస్ లోపల పాత వాయువు పూర్తిగా పోయేదాకా వచ్చే డేటాలో వేగం మెల్లగా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. అది చార్ గుణమని పొరబడి రంధ్రాల పెరుగుదల గురించి పేరాలు రాసేవాళ్లు తక్కువేం కాదు.

కాల్షియం ఎక్కువున్న చార్‌తో ఇంకో తమాషా జరుగుతుంది. 800 డిగ్రీల దగ్గర నైట్రోజన్‌లో ఉన్నప్పుడు కాల్షియం ఆక్సైడ్ రూపంలో ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ తెరవగానే బరువు తగ్గాల్సింది పోయి కొద్దిగా పైకి లేస్తుంది. ఆక్సైడ్ కార్బొనేట్‌గా మారుతోందన్నమాట. ఒక అట్మాస్ఫియర్ కార్బన్ డయాక్సైడ్‌లో కార్బొనేట్ విడిపోవాలంటే దాదాపు 900 డిగ్రీలు దాటాలి. కాబట్టి అంతకు దిగువన చేసే పరీక్షలో ఆ బరువు చివరిదాకా అక్కడే ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీయకపోతే మొదటి భాగంలో వేగం తక్కువగా, బూడిద ఎక్కువగా చూపిస్తుంది. గీత మొదట్లో చిన్న గూనిలా కనబడితే అనుమానించాల్సింది ముందు దీన్నే.

ఉష్ణోగ్రత విషయంలో అలసత్వం పనికిరాదు. కార్బన్ డయాక్సైడ్ చర్యకు ఉత్తేజన శక్తి (ఇది ఎంత ఎక్కువైతే ఉష్ణోగ్రతతో వేగం అంత బాగా మారుతుంది) సాధారణంగా మోల్‌కు 200 నుంచి 250 కిలోజౌళ్ల మధ్య వస్తుంది. 220 అనుకుందాం. 800 నుంచి 850కి వెళితే వేగం మూడింతలవుతుంది. 850 దగ్గర థర్మోకపుల్ 10 డిగ్రీలు తప్పు చూపితే వేగంలో దాదాపు 23 శాతం తేడా వస్తుంది. రెండు ల్యాబుల ఫలితాలు కలవకపోతే చార్‌ను తప్పుపట్టేముందు క్యాలిబ్రేషన్ ఎప్పుడు చేశారో అడగండి.

ఐదో అడుగు: కొలిచింది రసాయన చర్యనేనా?

పోరస్ రేణువులో మూడు పరిస్థితులుంటాయి. తక్కువ ఉష్ణోగ్రతలో వాయువు రేణువంతా తీరిగ్గా పాకుతుంది, వేగాన్ని నిర్ణయించేది చర్యే. వేడి పెరిగితే చర్య వేగంగా జరిగి వాయువు లోపలికి చేరేలోపే ఖర్చవుతుంది. అప్పుడు రంధ్రాల్లో వ్యాపనం పగ్గాలు పట్టుకుంటుంది. ఇంకా పెరిగితే రేణువు చుట్టూ ఉన్న వాయు పొరను దాటడమే కష్టమైపోతుంది. రెండో స్థితిలో కనిపించే ఉత్తేజన శక్తి అసలు విలువలో దాదాపు సగం. అంటే 220 బదులు 110 వస్తుంది. మూడో స్థితిలో ఇంకా పడిపోతుంది, అక్కడ అన్ని చార్‌లూ ఒకేలా కనిపిస్తాయి.

తనిఖీ సులువు. అదే పరీక్షను సగం నమూనాతో, సగం సైజు పొడితో, రెట్టింపు వాయు ప్రవాహంతో మళ్లీ చేయండి. వేగం మారకపోతే మీరు సరైన చోటే ఉన్నారు. మారితే ఉష్ణోగ్రత తగ్గించండి. కనీసం నాలుగైదు ఉష్ణోగ్రతల దగ్గర చేసి అర్హీనియస్ గీత, అంటే వేగం లాగరిథమ్‌ను కెల్విన్ ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీసేది, వేయండి. అది సరళరేఖగా ఉన్నంతమేరే మీ లెక్కకు తీసుకోండి. ఎక్కువ ఉష్ణోగ్రత వైపు గీత వంగిందంటే ఆ బిందువులు వ్యాపనానివి. ఒక చార్‌ను 750 దగ్గర, ఇంకోదాన్ని 1000 దగ్గర కొలిచి పక్కపక్కన పెట్టి పోల్చడం మసిపూసి మారేడుకాయ చేయడమే. బయోమాస్ చార్‌లకు 700 నుంచి 850, బిట్యుమినస్ బొగ్గు చార్‌లకు 850 నుంచి 950 మామూలుగా పనికొచ్చే పరిధి. రెండింటికీ ఉమ్మడిగా ఒక్క ఉష్ణోగ్రతైనా ఉండేలా చూసుకోండి.

ఆరో అడుగు: అంకె తీయడం, గీత ఆకారం చదవడం

ఒక ఉదాహరణ. చార్ 10 మిల్లీగ్రాములు, అందులో బూడిద 2. అంటే ఖర్చవగలిగింది 8. బరువు 6కు వచ్చినప్పుడు కన్వర్షన్, అంటే ఖర్చయిన కార్బన్ వాటా, 50 శాతం. బూడిదను మరిచిపోతే అదే 40 శాతంలా కనిపిస్తుంది. ఆ క్షణంలో నిమిషానికి 0.08 మిల్లీగ్రాము తగ్గుతుంటే, మిగిలిన 4 మిల్లీగ్రాములతో భాగించండి: నిమిషానికి 0.02, అంటే 2 శాతం. రియాక్టివిటీ అంటే ఇదే. సగం కన్వర్షన్ దగ్గరి విలువను, లేదా సగానికి చేరడానికి పట్టిన సమయంతో 0.5ను భాగించిన సూచికను పోలికలకు వాడతారు. వరి ఊక చార్‌లో దాదాపు సగం బూడిదే కాబట్టి అక్కడ ఈ సవరణ లేకుండా ఏ అంకెకూ అర్థం లేదు.

90 శాతం దాటాక వచ్చే విలువలను నమ్మకండి. పై ఉదాహరణలో అప్పటికి మిగిలిన కార్బన్ 0.8 మిల్లీగ్రామే. బూడిద బరువులో 0.1 తప్పు పడితే అక్కడే 12 శాతానికి పైగా తేడా వచ్చేస్తుంది.

ఆకారం అంకె కన్నా ఎక్కువ చెబుతుంది. నిమిషానికి తగ్గిన బరువును ఆ క్షణంలో మిగిలినదాంతో కాకుండా మొదటి కార్బన్ బరువుతో భాగించి, కన్వర్షన్‌కు ఎదురుగా గీయండి. వేగం మొదటినుంచీ తగ్గుతూ పోతే బయటి ఉపరితలం కుంచించుకుపోతున్న రేణువు అనుకోవచ్చు. ముందు పెరిగి తర్వాత తగ్గితే లోపలి రంధ్రాలు పెరిగి, ఉపరితలం విస్తరించి, తర్వాత గోడలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయన్నమాట. 1980లో భాటియా, పెర్ల్‌మటర్ ప్రతిపాదించిన రాండమ్ పోర్ మోడల్ చెప్పేది ఇదే. ఆ మోడల్ గణితం ప్రకారం శిఖరం 39.3 శాతం కన్వర్షన్ తర్వాత రావడం సాధ్యం కాదు. కాబట్టి మీ గీతలో శిఖరం 70 శాతం దగ్గర కనబడితే మోడల్‌ను ఎంత బతిమాలినా అది సరిపోదు. రంధ్రాల కన్నా బలమైనది ఏదో అక్కడ పనిచేస్తోంది.

బయోమాస్‌లో ఆ ఏదో పొటాషియమే. కార్బన్ ఖర్చయిపోతుంటే పొటాషియం అక్కడే మిగులుతుంది. మిగిలిన కార్బన్‌కు దాని వాటా పెరుగుతూ పోతుంది. అందుకే మిగిలిన కార్బన్‌తో భాగించిన వేగం చివరిదాకా పైపైకి ఎగబాకుతుంది. కాల్షియం అలా కాదు. మొదట్లో చాలా చురుగ్గా ఉంటుంది. కార్బన్ తరిగి దాని రేణువులు దగ్గరవుతుంటే ఒకదానితో ఒకటి అతుక్కుని ముద్దలవుతాయి, కార్బన్‌తో స్పర్శ పోతుంది. కార్బన్ డయాక్సైడ్ చర్యలో పొటాషియం, కాల్షియం గీతలను కొన్నిసార్లు చూశాక, ఏ లోహం పైచేయి అన్నది ఆకారం చూసే ఊహించవచ్చు.

ఏడో అడుగు: కారణాలను విడదీయడం

ఇప్పుడు మీ దగ్గర రెండు చార్‌లు, రెండు వేర్వేరు వేగాలు ఉన్నాయనుకోండి. కారణం నిర్మాణమా, ఉపరితలమా, లోహాలా?

లోహాలతో మొదలుపెట్టండి, ఎందుకంటే వాటిని తీసేసి చూడవచ్చు. ఇంధనాన్ని వేడినీటితో కడిగితే నీటిలో కరిగే పొటాషియం చాలావరకు పోతుంది. పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. సిలికా తీయాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. చర్మానికి తగిలితే ఎముకదాకా దెబ్బతీసే ఆమ్లం అది. శిక్షణ, కాల్షియం గ్లూకొనేట్ జెల్, తగిన హుడ్ లేకుండా దాని జోలికి పోవద్దు. కడిగాక ఆమ్లం ఆనవాలు లేకుండా నీటితో బాగా జాడించాలి. క్లోరిన్ మిగిలితే తర్వాతి పైరాలిసిస్‌లో పొటాషియం క్లోరైడ్‌గా ఆవిరైపోయి లెక్క తారుమారవుతుంది.

కడిగిన లిగ్నైట్ చార్ చురుకు ఒక్కసారిగా కూలిపోతే ఉత్ప్రేరణే ప్రధానమని తేలినట్టు. కడిగాక కూడా రెండు చార్‌ల మధ్య తేడా అలాగే ఉంటే నిర్మాణం వైపు చూడండి. ఎదురు పరీక్ష కూడా చేయండి: కడిగిన నమూనాకు పొటాషియం కార్బొనేట్ తెలిసిన మోతాదులో తిరిగి ఎక్కించి వేగం వెనక్కి వస్తుందో లేదో చూడండి. ఆమ్లం పైరాలిసిస్ తీరును కూడా కాస్త మారుస్తుంది కాబట్టి ఈ రెండో పరీక్ష లేకుండా తీర్పు ఇవ్వడం తొందరపాటు.

నిర్మాణానికి ఎక్స్‌రే డిఫ్రాక్షన్, లేజర్ కాంతితో చేసే రామన్ పరీక్ష వాడతారు. గ్రాఫైట్‌లో పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లు. చార్‌లో అది ఇంకాస్త ఎక్కువ, వేడి పెరిగేకొద్దీ గ్రాఫైట్ వైపు జరుగుతుంది. రామన్‌లో సెంటీమీటర్‌కు 1350 తరంగాల దగ్గరి డి పట్టీ (క్రమం తప్పిన కార్బన్‌ది), 1580 దగ్గరి జి పట్టీ (గ్రాఫైట్ లాంటి కార్బన్‌ది)ల నిష్పత్తి చూస్తారు. హెచ్చరిక ఒకటి: లేత చార్‌లలో ఈ నిష్పత్తి క్రమత పెరిగినా పెరగవచ్చు. గ్రాఫైట్‌కు వర్తించే సూత్రాన్ని తెచ్చి ఇక్కడ అంటిస్తే తలకిందుల నిర్ణయానికి వస్తారు.

ఉపరితల వైశాల్యం విషయంలో నాకు కొంచెం అనుమానం ఎక్కువ. 77 కెల్విన్ దగ్గర నైట్రోజన్ సన్నటి రంధ్రాల్లోకి దూరలేదు. చార్‌లో 2 నానోమీటర్ల లోపు రంధ్రాలే ఎక్కువ కాబట్టి 273 కెల్విన్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌తో కూడా కొలవాలి. రెండు అంకెలకూ మధ్య రెట్లలో తేడా రావచ్చు. పైగా మొత్తం వైశాల్యం వేరు, చర్య జరిగే అంచుల వైశాల్యం వేరు. వైశాల్యం ఎక్కువున్న చార్ మందంగా, తక్కువున్నది చురుగ్గా తేలిన సందర్భాలు కొల్లలు. ఆక్సిజన్‌ను తక్కువ ఉష్ణోగ్రతలో రసాయనికంగా అతికించి, ఎంత పట్టుకుందో చూసి క్రియాశీల వైశాల్యం అంచనా వేస్తే వేగంతో మెరుగ్గా కుదురుతుంది. లోహాలు కూడా ఆక్సిజన్ పట్టుకుంటాయన్నది మాత్రం మరవకూడదు.

ఎనిమిదో అడుగు: బొగ్గు, బయోమాస్ కలిపినప్పుడు

రెంటినీ కలిపి వేస్తే విడివిడి వేగాల సగటు రావాలని ఎవరైనా అనుకుంటారు. ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, ఒక్కోసారి తక్కువ వస్తుంది. గుట్టంతా పొటాషియం ప్రయాణంలో ఉంది. 700 డిగ్రీలు దాటాక అది బయోమాస్ చార్‌లోంచి కదిలి, ఆవిరిగానో స్పర్శ ద్వారానో బొగ్గు చార్‌కు చేరుతుంది. బొగ్గులో కయొలినైట్ లాంటి అల్యూమినోసిలికేట్‌లు తక్కువుంటే అక్కడ ఉత్ప్రేరకంగా పనిచేసి వేగం పెంచుతుంది. ఎక్కువుంటే అవి పొటాషియంను పట్టుకుని, నీటిలో కరగని పొటాషియం అల్యూమినోసిలికేట్‌గా మార్చేస్తాయి. అప్పుడు బొగ్గుకు లాభం రాకపోగా బయోమాస్ కూడా తన చురుకు కోల్పోతుంది. 1970లలో ఎక్సాన్ పొటాషియం కార్బొనేట్ కలిపి బొగ్గును తక్కువ ఉష్ణోగ్రతలో గ్యాసిఫై చేసే ప్రక్రియను అభివృద్ధి చేస్తున్నప్పుడు ఎదురైన చిక్కు కూడా ఇదే. ఖర్చుపెట్టి కలిపిన ఉత్ప్రేరకంలో కొంత బూడిదలోని మట్టి ఖనిజాలతో ముడిపడిపోయి నీటితో కడిగినా తిరిగి రాదు.

పరీక్ష చేసేటప్పుడు మిశ్రమాన్ని మెత్తగా నూరి కలిపినది ఒకటి, రెండు ఇంధనాలనూ పొరలుగా పేర్చినది ఒకటి, రెండూ నడపండి. నూరినదాంట్లోనే లాభం కనిపిస్తే పొటాషియం స్పర్శతో వెళ్తోంది, పొరల్లోనూ కనిపిస్తే ఆవిరిగా వెళ్తోంది. మిశ్రమంలోని బయోమాస్ వాటా ఒక్కటే కాకుండా బొగ్గు బూడిదలోని అల్యూమినా శాతాన్ని కూడా మార్చి చూడండి. ఉష్ణోగ్రతను 950 దాకా తీసుకెళ్లే ఆలోచన ఉంటే పొటాషియం, సిలికా కలిసి కరిగి రంధ్రాలను మూసేస్తాయి, ఫ్లూయిడైజ్డ్ బెడ్ అయితే ఇసుకను గడ్డకట్టిస్తాయి. అక్కడ వేగం పడిపోతే అది ఎనీలింగ్ వల్లా, బూడిద కరగడం వల్లా అన్నది మైక్రోస్కోప్ కింద చార్‌ను చూస్తే తెలిసిపోతుంది. రేణువుల మీద గాజులా మెరిసే పొర, గుండ్రటి బిందువులు కనబడితే బూడిద కరిగిందని అర్థం.